శీర్షికలో జవాబు దాచకండి
తెలుగు వార్తా వెబ్‌సైట్ల సంపాదకులకు బహిరంగ లేఖ



శీర్షిక పెట్టేటప్పుడు మీ డెస్కుల మీద రెండు వైపుల నుంచీ ఒత్తిడి ఉంటుందని పాఠకులకు తెలియనిది కాదు. గూగుల్‌లో వెతికేవారికి కథనం కనబడాలంటే వాళ్లు టైప్ చేసే మాట శీర్షికలో ఉండాలి. కనబడ్డాక వాళ్లు దాన్ని నొక్కాలంటే శీర్షిక మనసు లాగాలి. మొదటి పని కీవర్డ్‌ది, రెండోది ఆకర్షణది. ఈ రెండింటికీ పొసగదనీ, ఒకటి పెరిగితే ఇంకొకటి తగ్గక తప్పదనీ చాలామంది నమ్ముతున్నారు. ఆ నమ్మకం సరికాదని చెప్పడానికే ఈ లేఖ. ఒక పద్ధతి పాటిస్తే రెండూ ఒకే శీర్షికలో ఇముడుతాయి. ఒక్క మాటలో చెప్పగలిగిన జవాబును శీర్షికలోనే చెప్పేయాలి. విడమరిచి చెప్పవలసినదాని కోసం పాఠకుణ్ణి లోపలికి పిలవాలి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎంత అన్నవి మొదటి రకం ప్రశ్నలు. ఎందుకు, ఎలా అన్నవి రెండో రకం. మన సైట్లలో చాలాచోట్ల ఇప్పుడు జరుగుతున్నది దీనికి తలకిందులు. తేదీని, అంకెను, ఊరిపేరును దాచిపెట్టి, అవి చెప్పడానికే ఒక పేజీ నింపుతున్నారు. ఎందుకు, ఎలా అన్న ప్రశ్నలకు ఆ పేజీలో చోటే మిగలడం లేదు.

రైతులకు సంబంధించిన వార్తలే తీసుకుందాం. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో వైఎస్ఆర్ రైతు భరోసా మొదలైంది. 2024లో ప్రభుత్వం మారాక దాని స్థానంలో అన్నదాత సుఖీభవ వచ్చింది. తెలంగాణలో 2018 నుంచి నడిచిన రైతు బంధు స్థానంలో 2025 జనవరి 26న రైతు భరోసా మొదలైంది. అది ఎకరాకు ఏడాదికి రెండు విడతల్లో 12 వేల రూపాయలు. వీటికి తోడు కేంద్రం 2019 నుంచి ఏడాదికి 6 వేల రూపాయలను మూడు విడతలుగా ఇస్తున్న పీఎం కిసాన్ ఉంది. అంటే రైతు భరోసా అన్న ఒకే పేరు ఒకప్పుడు ఒక రాష్ట్రంలోని పథకానికి, ఇప్పుడు ఇంకొక రాష్ట్రంలోని పథకానికి చెందింది. ఇలాంటి చోట ‘రైతులకు భారీ శుభవార్త.. ఖాతాల్లోకి డబ్బులు.. ఎప్పుడంటే?’ అన్న శీర్షిక ఏ రాష్ట్రం రైతుకు, ఏ పథకం కింద, ఎంత సొమ్ము అన్నది ఒక్కటీ చెప్పదు. దీనికి ఎదురుకొసన ఉన్నది కీవర్డ్‌ల మూట: ‘రైతు భరోసా తాజా వార్తలు రైతు భరోసా స్టేటస్ రైతు భరోసా లిస్ట్ తెలంగాణ’. మొదటిదానిలో ఊరింపు ఉంది, వార్త లేదు. రెండోదానిలో మాటలున్నాయి, వాక్యం లేదు. ‘తెలంగాణ రైతు భరోసా: ఎకరాకు 6 వేలు జమ, కొందరి ఖాతాల్లో ఎందుకు పడలేదు?’ అని పెడితే వెతికే మాట మొదట్లోనే ఉంటుంది. రాష్ట్రం, సొమ్ము తెలిసిపోతాయి. సొమ్ము అందని రైతు తప్పక నొక్కుతాడు. అందినవాడు తన పని చూసుకుంటాడు. ఆ రెండోవాణ్ణి కూడా నొక్కించాలనే ఆరాటం దగ్గరే మన శీర్షికలు దారి తప్పుతున్నాయి.

కీవర్డ్‌ను మాత్రమే నమ్ముకున్నవాళ్లకు ఏమైందో గుర్తు చేసుకోవాలి. 2006 ఏప్రిల్‌లోనే న్యూయార్క్ టైమ్స్‌లో స్టీవ్ లోర్ ఒక కథనం రాశారు. సెర్చ్ ఇంజిన్ల కోసం పత్రికలు తమ శీర్షికల్లోని చమత్కారాన్ని వదులుకుని చప్పటి శీర్షికలు పెడుతున్నాయన్నది దాని సారాంశం. ఆ తర్వాత కొన్నేళ్లకు డిమాండ్ మీడియా అనే అమెరికన్ సంస్థ ఆ ధోరణిని చివరి అంచు దాకా తీసుకెళ్లింది. జనం దేనికోసం వెతుకుతున్నారో, దానిమీద ఎంత ప్రకటనల ఆదాయం వస్తుందో సాఫ్ట్‌వేర్‌తో లెక్కకట్టి, ఆ మాటలకు తగ్గట్టు తక్కువ ఖర్చుతో వ్యాసాలు రాయించింది. 2011 జనవరిలో షేర్ మార్కెట్‌కు వచ్చినప్పుడు దాని విలువ న్యూయార్క్ టైమ్స్ సంస్థ విలువను కూడా మించింది. మరుసటి నెలలో గూగుల్ పాండా అనే మార్పు తెచ్చింది. అమెరికాలో సుమారు 12 శాతం వెతుకులాటల ఫలితాలను అది మార్చేసింది. కీవర్డ్‌ల కోసం పండించిన నాసిరకం వ్యాసాల సైట్లు వరసగా కిందికి జారాయి. పేజీ వెనుక దాచిపెట్టే మెటా కీవర్డ్‌లను ర్యాంకింగ్‌కు వాడటం లేదని గూగుల్ 2009లోనే బహిరంగంగా చెప్పింది. వెతికే మాటల మధ్య సంబంధాన్ని గ్రహించే బెర్ట్ పద్ధతిని 2019 చివర్లో తెలుగుతో సహా 70కి పైగా భాషలకు విస్తరించింది. ఒకే మాటను మూడుసార్లు తిప్పితిప్పి రాస్తే సెర్చ్‌లో పైకి వస్తామన్న లెక్క ఎప్పుడో చెల్లిపోయింది.

అలాగని కీవర్డ్‌ను తక్కువ చేయనక్కరలేదు. పాఠకుడు తన నోట వచ్చే మాటతో వెతుకుతాడు; అదే మాటతో అతనికి జవాబివ్వడం మర్యాద. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన తుపాను పేరును మన పత్రికల్లో కొన్ని మిచౌంగ్ అని, కొన్ని మిగ్‌జాం అని రాశాయి. పేరు ఎలా పలకాలో తెలియని మత్స్యకారుడు, వరి కోయించుకోవాల్సిన రైతు వెతికేది తన జిల్లా పేరుతో, ‘తుపాను’ అన్న మాటతో. అలాంటి రోజున ‘ముంచుకొస్తున్న పెను ముప్పు.. ఆ జిల్లాలకు హెచ్చరిక’ అన్న శీర్షిక కింద జిల్లాల పేర్లు దాచడం పాఠకుడికి అన్యాయం. తన జిల్లా ఆ జాబితాలో లేనివాడు అనవసరంగా భయపడతాడు. ఉన్నవాడు సమయానికి తెలుసుకోలేకపోవచ్చు. వాతావరణ శాఖ పసుపు, నారింజ, ఎరుపు రంగులతో హెచ్చరికలు ఇచ్చేది ఒక్క చూపులో తెలియాలనే. ఆ ఒక్క చూపును మీ శీర్షిక కాజేయకూడదు. ‘బాపట్ల, కృష్ణా జిల్లాలకు రెడ్ అలర్ట్’ అంటే అందులో కీవర్డూ ఉంది, గుండె పట్టుకునే బలమూ ఉంది. బలం వార్తలో ఉన్నప్పుడు దానికి విశేషణాల అవసరం ఉండదు.

ఇక ఊరింపు సంగతి. మనకు తెలిసినదానికీ తెలుసుకోవాలనుకునేదానికీ మధ్య ఉన్న ఖాళీ నుంచే కుతూహలం పుడుతుందని ఆర్థికవేత్త జార్జ్ లోవెన్‌స్టైన్ 1994లో వివరించారు. ఆ ఖాళీని కృత్రిమంగా తయారుచేయడమే క్లిక్‌బైట్ చేసే పని. డెన్మార్క్‌లో ఇద్దరు పరిశోధకులు 10 వార్తా సైట్ల నుంచి లక్ష శీర్షికలు తీసుకుని, ‘ఇతను’, ‘ఇది’, ‘ఇందుకే’ లాంటి మాటలతో విషయం దాచే పద్ధతిని పరిశీలించి 2015లో ప్రచురించారు. మన ‘ఆ హీరో’, ‘ఆ ఎమ్మెల్యే’, ‘ఎందుకంటే..’ అన్నవి సరిగ్గా ఆ కోవలోవే. ఈ విద్యలో ఆరితేరినది 2012లో మొదలైన అప్‌వర్తీ అనే వెబ్‌సైట్. ఒక్కో కథనానికి 25 శీర్షికలు రాయించి, పాఠకుల మీద పరీక్షించి, గెలిచినదాన్ని నిలబెట్టేవారు. 2013 చివరికి దాని పాఠకుల సంఖ్య నెలకు 8 కోట్లు దాటింది. తర్వాత ఫేస్‌బుక్ 2014లో, మళ్లీ 2016లో, విషయం దాచే శీర్షికలను, అతిశయోక్తి శీర్షికలను వెనక్కు నెట్టే మార్పులు చేసింది. అప్‌వర్తీ ఆ ఎత్తును నిలబెట్టుకోలేక 2017లో ఇంకొక సంస్థలో కలిసిపోయింది. కీవర్డ్‌ను మాత్రమే నమ్మిన సంస్థా, ఊరింపును మాత్రమే నమ్మిన సంస్థా రెండూ ఒకే చోట దెబ్బతిన్నాయి. పాఠకుడికి ఇచ్చిన మాటకూ లోపల పెట్టిన సరుకుకూ మధ్య దూరం పెరిగితే, ఆ పాఠకుణ్ణి తెచ్చి ఇచ్చే వేదికే ఏదో ఒకరోజు తలుపు మూస్తుంది.

ఆ తలుపు మన వైపు కూడా మూసుకుంటోంది. గూగుల్ డిస్కవర్‌లో కనబడాలనుకునే ప్రచురణకర్తలకు ఆ సంస్థ ఇచ్చిన సూచనల్లో, కథనం దేని గురించో అర్థం కావడానికి అవసరమైన కీలక సమాచారాన్ని శీర్షికలో దాచవద్దని స్పష్టంగా ఉంది. యూట్యూబ్ 2012లోనే, ఎన్నిసార్లు నొక్కారన్నదాని కన్నా ఎంతసేపు చూశారన్నదానికి ప్రాధాన్యం ఇవ్వడం మొదలుపెట్టింది. 2024 డిసెంబరులో అదే సంస్థ, శీర్షికలోనూ థంబ్‌నెయిల్‌లోనూ చెప్పినది వీడియోలో లేకపోతే, ముఖ్యంగా తాజా వార్తల విషయంలో, చర్యలు తీసుకుంటామని భారతదేశం గురించే ప్రత్యేకంగా ప్రకటించింది. మన దేశాన్ని ఎంచుకుని అలా ప్రకటించవలసి రావడం గురించి మనమంతా ఆలోచించాలి.

వేదికల నియమాలు ఇవాళ ఉండి రేపు మారవచ్చు. పాఠకుడి మెదడులో శీర్షిక చేసే పని మాత్రం మారదు. కొలంబియా విశ్వవిద్యాలయం, ఫ్రాన్స్‌లోని ఇన్రియా సంస్థ పరిశోధకులు ట్విటర్‌ను పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, అక్కడ పంచుకున్న వార్తా లింకుల్లో 59 శాతాన్ని ఎవరూ ఒక్కసారి కూడా నొక్కలేదని తేలింది. లింకు ఒకరి నుంచి ఒకరికి చేరుతున్నా లోపలి కథనం చేరడం లేదు. ప్రయాణం చేసేది శీర్షిక ఒక్కటే. పూర్తిగా చదివినవాళ్ల సంగతి కూడా అంత నిబ్బరంగా లేదు. ఆస్ట్రేలియాలో ఉల్రిక్ ఎకర్ బృందం 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, శీర్షిక కొద్దిగా పక్కదారి పట్టించినా, కథనం మొత్తం చదివినవారికి సైతం ఆ శీర్షిక చెప్పిన తీరే జ్ఞాపకాన్నీ నిర్ధారణలనూ ప్రభావితం చేసింది. కాబట్టి ‘లోపల అంతా సరిగ్గానే రాశాం కదా’ అన్న సమాధానం చెల్లదు. పరీక్ష వాయిదా పడిందా లేదా, మందు నిషేధించారా లేదా, రేషన్ కార్డు రద్దవుతుందా లేదా అన్న విషయాల్లో శీర్షిక రేపిన అనుమానం ఆరో పేరాలోని వివరణతో పూర్తిగా పోదు. వాట్సాప్‌లో ఊరూరూ తిరిగేది ఆ అనుమానమే.

ఇప్పుడు మీ వైపు నుంచి రాగల అభ్యంతరాలకు వస్తాను. మొదటిది, అన్నింటికన్నా బరువైనది, డబ్బు. జవాబు శీర్షికలోనే ఇచ్చేస్తే ఎవరు నొక్కుతారు, నొక్కకపోతే ప్రకటనల ఆదాయం ఎక్కడిది, జీతాలు ఎలా ఇవ్వాలి? ఈ ప్రశ్నను తోసిపుచ్చలేం. మీకు అనుకూలమైన సాక్ష్యం కూడా ఉంది. అప్‌వర్తీ పాత పరీక్షలను విశ్లేషించి 2023లో నేచర్ హ్యూమన్ బిహేవియర్‌లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, మామూలు నిడివి శీర్షికలో చేరిన ఒక్కో ప్రతికూల పదం నొక్కేవారి శాతాన్ని 2.3 శాతం పెంచింది. భయపెడితే లాభం ఉన్న మాట నిజమే. కానీ ఆ లాభం ఎంత చిన్నదో కూడా చూడండి. వందమంది నొక్కే చోట నూటరెండుమంది నొక్కుతారు. అందుకు చెల్లించే ధర ఆ పరీక్షలో కనబడదు. ఆ నొక్కినవాళ్లలో ఎంతమంది వెంటనే వెనక్కు వెళ్లారో, ఎంతమంది మళ్లీ రాలేదో ఆ అంకె చెప్పదు. పైగా అదే అప్‌వర్తీ సమాచారంతో పాటు వాషింగ్టన్ పోస్ట్ పరీక్షలను కూడా కలిపి, 30 వేలకు పైగా ప్రయోగాలను పరిశీలించిన మరో అధ్యయనం 2024లో సైన్స్ అడ్వాన్సెస్‌లో వచ్చింది. సులభమైన మాటలతో, సూటి వాక్యంతో ఉన్న శీర్షికలనే పాఠకులు ఎక్కువగా నొక్కారని అది తేల్చింది. సంపాదకులు ప్రత్యేకంగా గమనించాల్సిన విషయం ఒకటి అందులో ఉంది. సరళత మీద పాఠకులు చూపిన ఆ మొగ్గు పాత్రికేయుల్లో కనబడలేదు. డెస్కులో కూర్చున్నవారికి నచ్చే శీర్షికకూ, బస్సులో ఫోన్ చూసుకుంటున్నవారికి నచ్చే శీర్షికకూ తేడా ఉందని దీని అర్థం. పాఠకుల అభిరుచి పేరు చెప్పి మీరు పెడుతున్న శీర్షికల్లో కొన్ని నిజానికి మీ అభిరుచివే కావచ్చు.

రెండో అభ్యంతరం, తెలుగు పాఠకులకు మసాలా లేకపోతే రుచించదన్నది. తెలుగు పత్రికల చరిత్ర దీన్ని ఒప్పుకోదు. గిడుగు రామమూర్తి పంతులు వాడుక భాష కోసం పోరాడినప్పుడు, జనానికి గ్రాంథికమే గౌరవంగా తోస్తుందని వాదించినవారున్నారు. తాపీ ధర్మారావు జనవాణి పత్రికలో వ్యావహారికాన్ని నిలబెట్టారు, నార్ల వెంకటేశ్వరరావు సూటి తెలుగుతో సంపాదకీయాలు రాశారు. పాఠకులు ఆ సూటిదనాన్ని ఆదరించారు. సినిమా సమీక్షకు, క్రికెట్ మ్యాచ్ కథనానికి, ఆదివారం వ్యాసానికి చమత్కారమైన శీర్షిక పెడితే ఎవరూ కాదనరు. అక్కడ పాఠకుడు ఆ ఆనందం కోసమే వస్తాడు. అవసరం కోసం వచ్చినవాడి దగ్గర ఆ ఆట ఆడకూడదన్నదే నా మాట. పథకం, పరీక్ష, వాతావరణం, ఆరోగ్యం, న్యాయస్థానం తీర్పు, మరణం: ఈ ఆరింటిలో ఊరింపుకు చోటు లేదని డెస్కు తనకు తాను గీత గీసుకోవచ్చు.

మూడోది కొత్త అభ్యంతరం. గూగుల్ 2024 ఆగస్టులో మన దేశంలో ఇంగ్లిష్, హిందీ భాషల్లో ఏఐ సారాంశాలు మొదలుపెట్టింది. ప్రశ్నకు జవాబు వెతుకులాట పేజీ మీదే వచ్చేస్తే సైటు దాకా ఎవరు వస్తారు, కనీసం శీర్షికలోనైనా దాచుకోకపోతే ఎలా అని కొందరు అంటున్నారు. ఈ ఆందోళనలో న్యాయం ఉంది, ముగింపులో లేదు. శీర్షికలో దాచినది యంత్రానికి దాగదు. అది లోపలి పేజీని చదివే జవాబు తయారుచేస్తుంది. దాగేది పాఠకుడికి మాత్రమే. యంత్రం ఒక్క వాక్యంలో చెప్పగలిగిన తేదీ మీద, అంకె మీద ఆధారపడిన కథనాలకు ఎలాగూ కాలం దగ్గరపడుతోంది. ఖాతాలో సొమ్ము ఎందుకు పడలేదు, ఎవరిని కలవాలి, ఏ కాగితం తీసుకెళ్లాలి, మండలంలో ఎంతమందికి ఇలా జరిగింది అన్నవి ఒక విలేకరి వెళ్లి కనుక్కుంటే తప్ప తెలియవు. వాటిని వాగ్దానం చేసే శీర్షికకే రేపు కూడా విలువ ఉంటుంది.

సెర్చ్ కోసం ఒక శీర్షిక, మనిషి కోసం ఇంకొకటి పెడుతున్నాం కదా అని నాలుగో మాట రావచ్చు. అది మంచి ఏర్పాటే. పేజీ టైటిల్ వేరుగా, లోపల కనబడే హెడ్డింగ్ వేరుగా, సోషల్ మీడియాలో వెళ్లేది ఇంకోలా ఉండవచ్చు. మాటలు మారినా మూడింటిలోనూ ఒకే మాట ఇవ్వాలి, ఆ మాట లోపల నెరవేరాలి. గూగుల్ 2021 ఆగస్టులో శీర్షికలు చూపించే పద్ధతి మార్చాక, పేజీకి పొసగని టైటిల్ కనబడితే దాన్ని పక్కనపెట్టి పేజీలోని వేరే మాటలను తానే ఎంచుకుని చూపిస్తోంది. మీరు పెట్టిన శీర్షిక మీద మీ అధికారం నిలవాలన్నా నిజాయితీయే దారి.

నియమాల సంగతీ ఒక్క మాట. శీర్షికలు సంచలనం కోసం, రెచ్చగొట్టడం కోసం ఉండకూడదనీ, కింద ఉన్న విషయానికి న్యాయం చేయాలనీ ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పాత్రికేయ ప్రవర్తన నియమావళి ఎంతోకాలంగా చెబుతోంది. 2021 ఐటీ నియమాలు ఆ నియమావళిని డిజిటల్ వార్తలకూ వర్తింపజేయబోతే వివాదం న్యాయస్థానాలకు చేరింది. ఆ ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు సంబంధిత నిబంధనను నిలిపివేసింది. ప్రభుత్వం చేతికి శీర్షికల మీద పెత్తనం వెళ్లకూడదన్న భయం సమంజసమైనదే. ఆ పెత్తనం రాకూడదంటే, ఆ క్రమశిక్షణ ముందుగా మీ డెస్కుల్లోనే ఉండాలి.

అందుకే మిమ్మల్ని కొన్ని పనులు అడుగుతున్నాను. సబ్ ఎడిటర్ పనిని క్లిక్కుల లెక్కతో మాత్రమే కొలవడం ఆపండి. ఎంతసేపు చదివారు, ఎంతమంది తిరిగి వచ్చారు అన్న అంకెలను కూడా అదే బోర్డు మీద పెట్టండి. పథకాల వార్తలన్నింటిలో రాష్ట్రం పేరు, పథకం పేరు, తేదీ లేదా సొమ్ము శీర్షికలో తప్పనిసరి చేయండి. ఫోన్ తెర మీద శీర్షిక సగానికే తెగిపోతుంది కాబట్టి ముఖ్యమైన మాటను మొదట్లో పెట్టండి. ‘ఎప్పుడంటే’, ‘ఎవరంటే’, ‘ఎంతంటే’ అన్న తోకలను అవసర వార్తల నుంచి పూర్తిగా తీసేయండి. తప్పు శీర్షిక వెళ్లినప్పుడు చడీచప్పుడు లేకుండా మార్చేయకుండా, మార్చామని పేజీలోనే రాయండి. వీటికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కరలేదు, అదనపు ఖర్చు లేదు. మీ సంతకంతో డెస్కుకు వెళ్లే ఒక్క పేజీ ఆదేశం చాలు. మీలో ఏ ఒక్కరు ముందుగా ఆ ఆదేశం ఇచ్చినా పాఠకులు గుర్తిస్తారు. దయచేసి ఇవ్వండి.

ఇట్లు,
ఒక తెలుగు పాఠకుడు